పాదం లేని చెట్టు

పిల్ల కాలువలో పడిపోతే?

ఆ ఇంట్లోకి మారినప్పటి నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. ల్యాబ్‌లో నీళ్ల సీసాలకు చీటీలు అంటిస్తున్నా అదే, ఇంట్లో బట్టలు మడతపెడుతున్నా అదే. పెరటి తలుపు తీస్తే మెట్లు. మెట్లు దిగితే గడ్డి. గడ్డి దాటితే నడుమెత్తు గట్టు, గట్టు అవతల కాలువ. మా అమ్మాయి అప్పుడప్పుడే గోడ వదిలి నడుస్తోంది. దాన్ని నడక అనకూడదు. ముందుకు పడబోతూ, పడేలోగా ఇంకో అడుగు వేసేయడం. దానికి బయల్దేరడం వచ్చింది గానీ ఆగడం ఇంకా రాలేదు.

“గట్టు మీద గోడ కట్టేద్దాం. నువ్వూ పడుకుంటావు, నన్నూ పడుకోనిస్తావు,” అన్నాడు మా ఆయన.

ఇటుకలు దిగాయి. మేస్త్రీ గట్టు నడినెత్తిన రెండు మేకులు దిగ్గొట్టి దారం లాగి కట్టాడు. అప్పుడు పక్కింటి పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ గట్టు మీదుగా వచ్చాడు. వీధి మలుపులో ఆయనకు సైకిలు రిపేరు షాపుంది. రోజూ షాపుకి పోయేది ఆ గట్టు మీద నుంచే. దారం తెంపలేదు. దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అంతే.

“ఏం అమ్మాయ్, ఈ గట్టు మీదేనని ఎవరు చెప్పారు?”

“దస్తావేజులో ఉందండీ. దక్షిణం హద్దు కాలువ గట్టు అని.”

“గట్టు వరకనా, గట్టుతో సహా అనా?”

దస్తావేజు మళ్లీ తీసి చూశాను. రాసింది ఆ రెండు మాటలే.

“రాసినాయన పైనుంచి దిగొచ్చి చెప్పడు కదా. గొలుసమ్మకి అర్జీ పెట్టు. ఆవిడ గీత ఎక్కడ గీస్తే అక్కడ కట్టుకో. నేను సైకిలు నెత్తిన పెట్టుకుని రోడ్డమ్మట పోతా.”

గొలుసమ్మ సర్వే ఆఫీసులో ఉద్యోగి. ఆమె చేరిన కొత్తలో నేలను ఇనప గొలుసుతో కొలిచేవారు. ఆ గొలుసు భుజాన వేసుకుని ఊరంతా తిరిగేది గనక ఆ పేరు వచ్చింది. గొలుసు పోయి టేపు వచ్చింది, టేపుకు తోడు మూడుకాళ్ల స్టాండు మీద యంత్రం వచ్చింది, పేరు మాత్రం పోలేదు. “అందరి పిల్లలూ గొలుసు మెళ్లో వేసుకుంటే మా పిల్ల భుజాన వేసుకుంది,” అని వాళ్లమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేదట. అది గర్వమో ఫిర్యాదో తనకు ఇప్పటికీ తెలియదంటుంది.

నిజానికి ఆమె ఎండలో తిరిగే ఉద్యోగం కోరుకోలేదు. పటాలు గీయడం చదువుకుంది. చల్లటి గదిలో పెద్ద బల్ల ముందు కూర్చుని సన్నటి గీతలు గీస్తూ బతికేయొచ్చనుకుంది. ఆఫీసులో బల్లలన్నీ నిండి ఉన్నాయి, బయటికి వెళ్లే మనిషి కావాలన్నారు. వెళ్లింది. రెండు సంవత్సరాల్లో బల్ల ఖాళీ అయితే వద్దంది. కారణం అడిగితే, “బల్ల మీద గీత ఎవరి మాటా వినదు. బయట అందరూ గీతతో మాట్లాడతారు,” అంది. దీనికి అర్థమేమిటో నాకు అప్పుడు బోధపడలేదు.

ఆమెకు కుక్కలంటే భయం. కొలతలు తీసే మనిషికి ఇంతకంటే ఇబ్బంది ఉండదు. మా ఇంటికి వచ్చిన రోజు కూడా గేటు బయటే ఆగిపోయింది. సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి చేతిలో పట్టుకుంది.

“కుక్క ఉందా?”

“మాకు లేదండీ. పక్కింట్లో ఉంది.”

“కట్టేసి ఉంచమనండి. ఆగండాగండి, వద్దు. ఎక్కణ్నుంచి మొరుగుతుందో చూస్తాను.”

మేం పెరట్లోకి వెళ్లగానే పక్కింటి కుక్క గట్టు వైపు నుంచి కంచె పక్కగా వచ్చింది, మా మెట్లకు కాస్త ముందు ఎక్కడో ఆగి అక్కణ్నుంచి మొరిగింది. ఒక్క అడుగు కూడా దాటలేదు. గొలుసమ్మ బిస్కెట్ విసిరి ఆ చోటుకేసి చూసింది.

“ఇది సాక్ష్యం కాదులెండి. రేపు ఎవరైనా అడిగితే కుక్క చెప్పిందని రాయలేను. కానీ కుక్క తన యజమాని ఎక్కడిదాకా తిరుగుతాడో అక్కడిదాకానే తిరుగుతుంది.”

“నా కుక్కని కూడా సంతకం పెట్టమంటావేంటి, గొలుసమ్మా?” అన్నాడు పక్కింటి పెద్దాయన.

“నీకంటే నిక్కచ్చిగా పెడుతుంది, పెద్దాయనా.”

యంత్రం పెట్టె అలాగే మూసి ఉంది. ముందు నడవాలంది. అది ఆమె పద్ధతి. మొదట నన్ను, తర్వాత పెద్దాయనను, ఎవరికి తోచిన హద్దు వెంబడి వాళ్లను నడవమంది. తను వెనకాల చేతులు కట్టుకుని వచ్చింది. “నోటితో అడిగితే ఒకటికి రెండు చెప్తారు. నడవమంటే కాళ్లు వాటి అలవాటున అవి పోతాయి,” అంది. నేను మెట్లు దిగి గడ్డి మీదుగా గట్టెక్కాను. పెద్దాయన సైకిలు లేకుండా నడవడం రానట్టు ఒక చెయ్యి గాల్లో పెట్టుకుని నడిచాడు.

ఆ తర్వాత నన్ను అడిగింది. “వాన పడితే మీ పెరట్లో నీళ్లెక్కడ నిలుస్తాయి?”

“మెట్ల కింద. అక్కణ్నుంచి పోవు. మురుగు గొట్టం వేయిద్దామనుకుంటున్నాం.”

“ఊఁ.”

నా దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది. గట్టు మీద ఒక చెట్టు, దాని పక్కన పొడుగాటి రాయి పడి ఉంది. కొసన అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు చెక్కి ఉన్నాయి. అలాంటివి వీధి వైపు మూలల్లో కూడా ఉన్నాయి. అది హద్దురాయి అని తెలిసిన రోజు నేను ఫోటో తీసి మా ఆయనకు పంపాను కూడా. ఆ రాయి చూపించాను.

గొలుసమ్మ వంగి దాన్ని పక్కకు దొర్లించింది. రాయికి మూడు పక్కలు గరుకు. నాలుగో పక్క పళ్లెంలా నున్నగా ఉంది. అరచేత్తో ఆ నునుపు మీద నిమిరి నవ్వింది.

“ఈ రాయి బట్టలుతికింది.”

“మా పెద్దమ్మ!” అన్నాడు పెద్దాయన. “మా పెద్దమ్మ ఇక్కడే ఉతికేది. నేను పక్కన కూచుని నురగ ఊదేవాణ్ని. నాకు ఊహ తెలిసేసరికే ఇది పడుకునుంది.”

“నిలబడ్డ రాయిని పడుకోబెట్టి నీళ్ల పక్కకి తెచ్చుకుంది. ఆవిడకి కావలసింది బండ. చెక్కిన గీతలు ఆవిడకెందుకు?” గొలుసమ్మ లేచి చేతులు దులుపుకుంది. “హద్దురాయే, కాదనను. కానీ ఒకసారి కదిలితే ఇక మామూలు రాయే. అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పలేదు.”

నా ఫోటో వృథా అయింది. కానీ గట్టు ఉంది కదా, అన్నాను. రాయి పోతే పోయింది, గట్టు ఎక్కడికి పోతుంది?

ఆమె చెట్టు దగ్గరికి వెళ్లింది. కాండం చుట్టూ గడ్డి పక్కకు తొలగించి నన్ను పిలిచింది.

“ఈ చెట్టు కింద ఏం కనపడుతోంది?”

“మట్టి.”

“మీ వీధిలో చెట్టు చూడండి. నేలలోకి దిగేచోట వెడల్పవుతుంది. వేళ్లు విచ్చుకుని పాదంలా ఆనుతాయి. ఇది చూడండి, కర్ర గుచ్చినట్టు తిన్నగా దిగిపోయింది. దీనికి పాదం లేదు.”

నిజమే. స్తంభం పాతినట్టుంది.

“లేక కాదు, కింద ఉంది. చెట్టు పుట్టినప్పుడు నేల కిందుంది. ఆ తర్వాత పైన మట్టి పోశారు.”

సంచిలోంచి పొడుగాటి ఇనప ఊచ తీసి గట్టులో గుచ్చింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. పైకి లాగితే కొసన నల్లటి బురద. పెద్దాయన అప్పుడు చెప్పాడు: కాలువలో పూడిక తీసిన ప్రతిసారీ ఆ బురదంతా ఇటువైపే కుప్ప పోసేవాళ్లట. ఎన్నేళ్ల నుంచో. కుప్ప మీద గడ్డి మొలిచి, మనుషులు నడిచి నడిచి, అదే గట్టయిపోయింది. ఆ మాట ఎవరూ అడగలేదు గనక తను చెప్పలేదట.

“మరి అసలు గట్టు?” అన్నాను.

గొలుసమ్మ మా మెట్ల వైపు నడిచింది. పచ్చటి గడ్డి మధ్యలో ఆగింది.

“ఇక్కడ. మీరు నడిచినప్పుడు ఇక్కడ కాలు కొంచెం ఎత్తి వేశారు. మీకు తెలీదు. కంటికి చదునుగానే కనపడుతుంది. నీళ్లకి మాత్రం ఎత్తు తెలుసు. మీ మెట్ల కింద నీళ్లు నిలిచేది ఇది అడ్డం ఉండబట్టి.”

ఊచ అక్కడ గుచ్చితే వేలెడు దిగి టంగుమని ఆగింది.

ఆ తర్వాత యంత్రం తీసింది, టేపు తీసింది. వీధి వైపు రాళ్ల నుంచీ పెద్దాయన పెరటి వెనక రాయి నుంచీ కొలిచి, మా రాయి ఒకప్పుడు ఎక్కడ నిలబడి ఉండాలో లెక్క కట్టి తవ్వించింది. గుంతలో ఏమీ లేదు. పెద్దాయన ఈల వేశాడు. నాకు లోపల ఎక్కడో ఆశ పుట్టింది. ఆమె ముఖం చిరాగ్గా పెట్టుకుని టేపు వెంట వెనక్కి నడిచింది, కంచె పొద దగ్గర ఆగింది. టేపు పొద కొమ్మకు తగులుకుని వంగి ఉంది. తనను తనే తిట్టుకుంది. వంగిన టేపుకి దారి ఎక్కువ, కొలత పూర్తయినట్టే కనపడుతుంది గానీ అసలు చోటుకు ముందే ఆగిపోతుంది. కొమ్మ వంచి పట్టుకుని మళ్లీ కొలిచింది. రెండో గుంత మొదటిదానికి జానెడు దూరంలో.

మోచెయ్యి లోతున నల్లటి ముక్కలు దొరికాయి. బొగ్గు.

“పాతవాళ్లు రాయి పాతే గుంతలో ముందు పిడికెడు బొగ్గు వేసేవాళ్లు,” అంది గొలుసమ్మ. “రాయిని ఉతకడానికి ఎత్తుకుపోతారు. బొగ్గునెవరెత్తుకుపోతారు?”

“కుళ్లదు కూడా,” అన్నాను. మా ల్యాబ్‌లో నీళ్లు వడకట్టడానికి బొగ్గే వాడతాం. “కానీ ఎవరైనా ఇక్కడ పొయ్యి పెట్టి ఉండొచ్చు కదండీ?”

ఆమె నన్ను మొదటిసారి సరిగ్గా చూసినట్టు చూసింది. “మంచి ప్రశ్న. పొయ్యి బొగ్గయితే పరుచుకుని ఉంటుంది. చుట్టూ మట్టి కాలి ఎర్రబడుతుంది. ఇది చూడండి. ఒకేచోట ముద్దగా ఉంది. మట్టి కాలలేదు.”

కాలలేదు. నేను చేత్తో చిదిమి చూశాను.

గీత మా మెట్లకు బాగా దగ్గరగా పడింది. గీతకు అవతలిదంతా కాలువది, అందరూ నడవొచ్చు. పెద్దాయన సైకిలు నెత్తిన పెట్టుకోవలసిన అవసరం లేకపోయింది. ఇంటికెళ్లబోతూ మా అమ్మాయి బుగ్గ గిల్లి, “నీకూ బెల్లు కొడతాలే రోజూ,” అన్నాడు.

ఆ వారమంతా నేను లెక్కలు వేశాను. గోడ మెట్లకు అంత దగ్గరైతే పై మెట్టు మీద నుంచి గోడ మీదికి ఎక్కొచ్చు. ఎక్కితే అవతలికి పడొచ్చు. గోడ ఎత్తు పెంచితే వంటింట్లోకి వెలుతురు రాదు. వెలుతురు కోసం జాలీ పెడితే జాలీలో కాలు పెట్టి ఎక్కొచ్చు. మా ఆయన, “దానికింకా మంచం ఎక్కడమే రాదు,” అన్నాడు. నేను పిల్లను ఎత్తుకుని గొలుసమ్మ ఇంటికి వెళ్లాను. గీతను కొంచెం అటు జరపమని అడగడానికి.

రెండు గదుల ఇల్లు. గోడకు ఒక్క పటం కూడా లేదు. కిటికీలో పెన్సిళ్ల డబ్బా, తలుపు వెనక మడిచి వేలాడదీసిన పాత ఇనప గొలుసు. వాళ్లాయన బస్సు డ్రైవరు. ఆ రోజు సెలవేమో, నేల మీద కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. నేను అడగడానికి వచ్చింది అడిగేశాను. గొలుసమ్మకు కోపం రాలేదు. తల అడ్డంగా ఊపింది.

“కొంచెమే కదవే,” అన్నాడు వాళ్లాయన. “నన్ను చూడు. ముసలమ్మలు అడిగితే స్టాపు దాటాక వాళ్లింటి ముందే ఆపుతాను.”

“నువ్వు ఎక్కడాపినా దిగి నడుచుకుంటూ పోతారు. నేను జరిపితే వంటగదులు కూలుతాయి.”

“అదిగో, తనే ఎత్తింది!” ఆయన సూది పక్కన పెట్టాడు. “చెప్పనా, అమ్మా? మా ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ వంటగదిని తీసుకెళ్లి పక్కింటాయన చేతిలో పెట్టింది.”

“వంటగది కాదు, పొయ్యి గట్టు.”

“పొయ్యి లేకపోతే వంటగది ఏంటే?”

“సరిగ్గా చెప్పు లేదా ఊరుకో,” అని, తనే చెప్పింది. కొండ వాలు మీద ఇళ్లు. అందరూ తొందరపెట్టారు. గొలుసును నేలకు ఆనించి వాలు వెంటే లాక్కుంటూ పోయింది. కాగితం మీద నేల ఎప్పుడూ చదునే. వాలు మీద అదే పొడవు కొలిస్తే హద్దు రావలసిన చోటుకు రాకుండానే గొలుసు అయిపోతుంది. గొలుసును మెట్లు మెట్లుగా, గాల్లో అడ్డంగా బిగపట్టి కొలవాలి. అలా చెయ్యలేదు. ఒకావిడ స్థలం తరిగిపోయింది, పొయ్యి గట్టు పక్కింటి హద్దులో పడింది. దాన్ని కొట్టేశాక గాని ఈమెకు అనుమానం రాలేదు. తిరిగి వెళ్లి మళ్లీ కొలిచి, అందరి ముందూ తప్పు నాదేనని చెప్పి, గీత మార్చింది.

“ఆవిడ ఏమంది?” అన్నాను.

“మంచినీళ్లిచ్చింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.”

మా అమ్మాయి తలుపు వెనక గొలుసు పట్టుకుని గలగలలాడిస్తోంది.

“గీత జరపడం నా చేతిలో లేదు,” అంది గొలుసమ్మ. “ఉన్నా ఆ గట్టు మీద గోడ కట్టనివ్వను. అది బురద కుప్ప. చెట్టు పట్టుకుని ఆపుతోందంతే. గోడ బరువు పడ్డాక ఒక్క వాన చాలు. మీ పిల్ల ఆ గోడకి ఆనుకుని ఆడుకుంటూ ఉంటుంది.”

ఆ ఒక్క వాక్యం నా లెక్కల్లో లేదు. పిల్ల గోడ ఎక్కడం, దూకడం, జాలీలో కాలు పెట్టడం, అన్నీ ఉన్నాయి. గోడే పడిపోవచ్చన్నది లేదు.

మేస్త్రీ ఇటుకలు ఇటువైపు మోయించి, పాత గట్టు మీద పునాది తవ్వాడు. నేల గట్టిగా ఉందని రోజంతా సణిగాడు. గోడ లేచింది. ఎత్తు పెంచాం, వెలుతురు కాస్త తగ్గింది. పెద్ద వాన వచ్చింది. మర్నాడు స్టూలెక్కి గోడ మీంచి చూస్తే, కొత్త గట్టు పొడవునా చీలి, సగం కాలువలోకి జారిపోయింది. చెట్టు నిలబడే ఉంది. మేస్త్రీ కట్టిన దారం అలాగే ఉంది. ఒక మేకు గట్టులో, ఇంకోటి దారానికి వేలాడుతూ నీళ్ల మీద. పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ రోడ్డమ్మట పోతున్నాడు.

“నెత్తిన పెట్టుకోలేదేం?” అని మా ఆయన అరిచాడు.

“గొలుసమ్మ చెప్తే పెట్టుకుంటానన్నా, వాన చెప్తే అన్లేదు!”

నేల ఆరాక గొలుసమ్మ రాయి పాతడానికి వచ్చింది. పెద్దమ్మ బండనే తెప్పించి, నునుపు పక్క లోపలికి తిప్పి, గోడ కొసన బొగ్గు దొరికిన చోటే మళ్లీ నిలబెడతానంది. దొరికిన పాత బొగ్గును నేను ఒక సీసాలో దాచాను. దాన్నే గుంతలో వేయమంది. మా అమ్మాయి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకోబోయింది. నేను లాక్కునేలోపు గొలుసమ్మ, “అక్కడ కాదు, ఇక్కడ,” అని గుంత చూపించింది. అది వంగి ముక్కను లోపల వేసి, ఇంకోటి కావాలని చెయ్యి చాపింది.

నేను దాని చేతులు తుడుస్తుంటే గొలుసమ్మ గోడ పొడవునా ఒకసారి నడిచి వచ్చింది.

“బాగా కట్టారు. గోడ ఉంది కదా అని మరిచిపోకండి. నేల మారుతుంది. మీ పిల్ల అంతకంటే తొందరగా మారుతుంది. వాన వెలిసినప్పుడల్లా దీని వెంబడి ఒకసారి నడవండి, దాన్ని తీసుకుని.”

“ఎత్తుకునా?”

ఆమె నవ్వి, పక్కింటి కుక్క ఎక్కడుందో చూసుకుని, బిస్కెట్ పొట్లం చేతిలోకి తీసుకుంది.

ఇప్పుడు వాన వెలిసినప్పుడల్లా నడుస్తాం. పునాది అంచున మట్టి దిగిందేమో నేను చూస్తాను. మా అమ్మాయి మెట్ల కింద నీళ్లు చూస్తుంది. మొన్న గోడ కొస దాకా పరుగెత్తి, రాయి దగ్గర తనంతట తనే ఆగి, దాన్ని అరచేత్తో తట్టి, వెనక్కి తిరిగి నాకోసం చూసింది. నా చెయ్యి ముందుకు వెళ్లింది గానీ పట్టుకోలేదు. ఆ రోజు గేటు దగ్గర నిలబడి గొలుసమ్మ చెప్పింది నేను ఇప్పటికీ అక్షరాలా పాటిస్తున్నాను: “ఎత్తుకోకండి, లాగకండి. దాన్ని ముందు నడవనివ్వండి. ఎక్కడ ఆగుతుందో వెనక నుంచి చూడండి.”